చెక్క కొట్టం ఏ మూలకు జరపాలె?



ఈసారి పాఠం ఒక చెక్క కొట్టం గురించి. ధమ్మ పాఠంలో కొట్టం ముచ్చట ఏంది అని మీకు అనిపించొచ్చు. దీక్ష తీసుకున్న మనం పంచశీలాలు నోటికి చెప్తం, 22 ప్రతిజ్ఞలు చదువుతం. కానీ పెరట్లో ఒక గుంజ పీకి ఇంకో చోట పాతాల్సి వచ్చినప్పుడు మన నోట్లో నుంచి ఏ మాట వస్తదో, అక్కడ మన దీక్ష ఎంతవరకు వచ్చిందో తెలుస్తది.

పెద్దపల్లి దగ్గర ఒక ఊరు. అంబేద్కర్ వాడలో ఒక ఉపాసకుని పెరట్లో పదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు కొట్టం ఉండేది. టేకు గుంజలు, చుట్టూ పలకలు, పైన ఇనుప రేకులు. మొదట్లో నాగలి, పారలు, ఎరువు బస్తాలు పెట్టుకునేవారు. తర్వాత దాన్ని ఊడ్చి, తుడిచి, ఒక అల్మారా పెట్టి మాకు ఇచ్చారు. ఆదివారం పొద్దున వందన, సాయంత్రం పిల్లల చదువు అక్కడే. అల్మారాలో బాబాసాహెబ్ రచనల తెలుగు సంపుటాలు, బుద్ధ చరిత్రలు, పది పన్నెండు మంది పిల్లల నోటుబుక్కులు. వాడ బాట వెడల్పు చేసేటప్పుడు కొట్టం అడ్డం వచ్చింది. నలభై అడుగులు లోపలికి జరపాలె. అంతే పని.

పెరట్లో ఈశాన్యం మూల ఎత్తుగా ఉంది, మొరం నేల. నైరుతి మూల పల్లం, నల్లమట్టి. చూసినోళ్లు ఎవరైనా ఎత్తు మీద పెట్టుమంటారు. మేమూ అదే అనుకుని గడ్డపారలు తెచ్చుకున్నం. అప్పుడు ఒక పెద్దాయన, మాతో పాటు దీక్ష తీసుకున్నాయనే, "వద్దు బిడ్డా, ఈశాన్యంల బరువు పెడితే ఇంటి మగపిల్లగానికి మంచిది కాదంటరు" అన్నడు. ఆ ఇంటి కొడుకు దుబాయిల ఉన్నడు. ఆ తల్లి ముఖం చూస్తే ఎవరికీ మాట రాలేదు. నేనూ నోరు మూసుకున్న. ఇరవై ఏండ్లుగా మైకు ముందు మాట్లాడేటోన్ని, ఆ పెరట్లో ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టాన్ని నైరుతిలో పెట్టినం.

ఆగస్టులో ముసురు పట్టింది. పెరటి నీళ్లన్నీ ఆ మూలకే వచ్చి నిలిచినయ్. అల్మారా కింది అర మునిగింది. పుస్తకాలు ఎండేసినం, సగం అంటుకుపోయినయ్. గుంజల మొదళ్లు మెత్తబడ్డయ్. పిల్లలు రెండు నెలలు చదువుకు రాలేదు, వాళ్లలో ఒకరిద్దరు మళ్లీ రానే లేదు. ఈ పాఠం రాయడానికి కారణం ఆ ఒకరిద్దరు.

ఇగ అసలు విషయానికి వద్దాం. తథాగతుడు ఈ వాస్తు గురించి ఏమైనా చెప్పాడా? చెప్పాడు, పేరు పెట్టి చెప్పాడు. దీఘనికాయంలో మొట్టమొదటి సుత్తం బ్రహ్మజాల సుత్తం. అందులో కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు పొట్టకూటి కోసం చేసే తక్కువ రకం విద్యల జాబితా ఒకటి పెద్దగా వస్తది. తిరచ్ఛానవిజ్జ అని వాటికి పేరు. అవయవాల గుర్తులు చూసి జాతకం చెప్పడం, కలలకు అర్థం చెప్పడం, ఎలుక కొరికిన బట్ట చూసి శకునం చెప్పడం, పెళ్లికి మంచి దినం పెట్టడం, అన్నీ ఉన్నయ్. ఆ వరుసలోనే వత్థువిజ్జా అనే మాట ఉంది. వత్థు అంటే ఇంటి స్థలం. స్థలం చూసి మంచి చెడు చెప్పే విద్య. పాళీలో వత్థు, మన నోట్లో వాస్తు. బుద్ధుడు వీటికి దూరంగా ఉంటాడు అని ఆ సుత్తం చెప్తది. కాబట్టి ఇది ఇప్పుడు మనం హేతువాదులమై కొత్తగా తెచ్చిన వాదన కాదు, పిటకంలోనే ఉన్న మాట.

అవతలి గ్రంథం కూడా చూడండి. వరాహమిహిరుడు రాసిన బృహత్సంహిత వాస్తు చెప్పేవాళ్లందరూ పేరు చెప్పే పుస్తకం. అందులో నేల రంగును కూడా వర్ణాలకు పంచి పెట్టారు. తెల్లనేల బ్రాహ్మణునికి, ఎర్రనేల క్షత్రియునికి, పచ్చనేల వైశ్యునికి, నల్లనేల శూద్రునికి. నేల వాలు కూడా అట్లనే పంచారు, ఇంటి కొలత కూడా వర్ణం తగ్గిన కొద్దీ తగ్గుతది. ఆ లెక్కన ఆదిలాబాద్ నల్లరేగడి అంతా శూద్ర నేల అన్నమాట, దాంట్లో పత్తి ఎవరు పండించినా సరే. ఆ నాలుగు రంగుల్లో మన తాతలకు ఏ రంగూ లేదు. ఊరు కట్టినప్పుడు మన వాడను ఎటు పెట్టాలో నిర్ణయించినోళ్లు మనల్ని అడగలేదు. ఇప్పుడు మన సొంత పెరట్లో, మన సొంత కొట్టం ఎక్కడ పెట్టాలో ఆ పుస్తకాన్నే అడగడం ఏం న్యాయం?

బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇచ్చిన ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది, బ్రాహ్మణుల చేత ఏ క్రతువూ చేయించుకోను అనేది. మనలో చాలామంది దీన్ని పెళ్లికి, చావుకు పాటిస్తున్నరు. గృహప్రవేశం దగ్గర కొంచెం తడబడతరు. పురోహితుణ్ణి పిలవకుండా, అతని లెక్కను మాత్రం మనసులో పెట్టుకుని మూల చూసుకునేటోళ్లు ఇంకా ఎక్కువ. దక్షిణ ఒక్కటే మిగులుతది, భయం అట్లనే ఉంటది.

మరి మూల చూడొద్దంటే ఏం చూడాలె? దీనికి వినయ పిటకంలో చాలా వివరంగా ఉంది. భిక్షువు తన కోసం కుటి కట్టుకునేటప్పుడు పాటించాల్సిన నియమం సంఘాదిసేసల్లో ఆరోది. ఇది భిక్షువుల నియమం, ఉపాసకుల మీద శిక్ష ఏమీ లేదు. కానీ స్థలాన్ని బుద్ధుడు ఏ కంటితో చూశాడో ఇందులో తెలుస్తది. లోపలి కొలత పొడుగు పన్నెండు సుగత జానలు, వెడల్పు ఏడు జానలు, అంతకు మించొద్దు. స్థలం తన ఇష్టమున్నట్టు ఎంచుకోవద్దు, తోటి భిక్షువులను తీసుకుపోయి చూపించాలె. వాళ్లు రెండు సంగతులు చూడాలె.

మొదటిది, ఆ చోట ఎవరైనా ఇప్పటికే బతుకుతున్నారా? చీమలు, చెదలు, ఎలుకలు, పాములు, తేళ్లు, జెర్రులు ఉండే చోటు పనికిరాదు. పండే చేను పక్కన, కూరగాయల మడి పక్కన, శ్మశానం పక్కన, రాజు భూమి పక్కన, చెరసాల పక్కన, కల్లు దుకాణం పక్కన, బండ్ల బాట మీద, నాలుగు బాటలు కలిసే చోట వద్దు. ఇందులో ఎక్కడైనా ఈశాన్యం, ఆగ్నేయం కనబడ్డదా? ఉన్నదంతా బతికే జీవాలు, పక్కోళ్లతో గొడవలు, ప్రమాదాలు. చీమల పుట్ట దగ్గర మనోళ్లు పసుపు కుంకుమ వేసి మొక్కుతరు, దేవుడున్నడని. బుద్ధుడు కూడా పుట్టను కదపొద్దన్నాడు, అక్కడ ప్రాణులున్నయని. పుట్టకు దూరంగానే ఇద్దరూ ఉంటరు, కారణం మాత్రం వేరు. ఆ కారణమే మనకు ధమ్మం.

రెండోది, కట్టిన తర్వాత దాని చుట్టూ తిరిగి రావొచ్చా? ఎడ్లు కట్టిన బండి చుట్టూ తిరగాలె, లేదంటే నిచ్చెన పట్టుకుని చుట్టూ తిరగగలగాలె. ఎంత పనికొచ్చే కొలత! కొట్టాన్ని గోడకు ఆనించి పెడితే వెనక పలక ఎప్పుడు చెదలు తిన్నదో ఎవరికీ తెల్వదు. రేకు లేస్తే ఎక్కడానికి నిచ్చెన పట్టదు. రెండువేల అయిదువందల ఏండ్ల కింద చెప్పిన ఈ మాట ఇవాళ్టి ఏ మేస్త్రీ అయినా ఒప్పుకుంటడు.

ఈ నియమం పుట్టడానికి కారణమైన కథ కూడా మనకు తగులుతది. ఆళవి అనే చోట భిక్షువులు కుటీలు కట్టుకోవడం మొదలుపెట్టి ఊరి మీద పడ్డరు. మనిషినియ్యండి, ఎద్దునియ్యండి, బండినియ్యండి, గొడ్డలియ్యండి, గడ్డి ఇయ్యండి అని రోజూ అడుగుడే. చివరికి జనం భిక్షువును చూస్తే బాట మార్చి పోయేటోళ్లు, తలుపులు వేసుకునేటోళ్లు, ఆవును దూరం నుంచి చూసి భిక్షువే అనుకుని పరుగెత్తేటోళ్లు. వినయంలో ఇంత నవ్వొచ్చే ముచ్చట మరొకటి నాకు గుర్తులేదు. కానీ మన సంఘాలు కూడా చందా పుస్తకం పట్టుకుని తిరిగేటప్పుడు దీన్ని గుర్తు పెట్టుకోవాలె. ఇంకా ముఖ్యం, కరీంనగర్, ఆదిలాబాద్‌ల మన తాతలు దొరల గడీలకు కట్టెలు, దూలాలు వెట్టికి మోసినోళ్లు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలకు జనం నడిచి వచ్చింది ఆ దొరతనం మీదనే. ధమ్మం పేరు చెప్పి మనం ఒకరి రెక్కలు ఊరికే వాడుకుంటే ఆ వెట్టికీ దీనికీ తేడా ఏముంది? ఇష్టంతో వచ్చినోళ్లతోనే చేయించుకోండి, కడుపునిండా అన్నం పెట్టండి, కూలి పని వదులుకుని వచ్చినాయనకు కూలి ఇయ్యండి.

కొట్టం జరిపేటప్పుడు కట్టె ఎవరిది అనే ప్రశ్న కూడా వస్తది. దీనికి ధనియుడి కథ. ధనియుడు కుమ్మరి కొడుకు, భిక్షువైనాడు. రాజగృహంలో ఇసిగిలి కొండ పక్కన గడ్డి గుడిసె వేసుకున్నాడు. భిక్షకు పోయిన వేళ కట్టెలు ఏరుకునేటోళ్లు గుడిసె విప్పి పట్టుకపోయారు. మూడుసార్లు ఇట్లనే అయింది. విసిగి, చేతిలో పని ఉంది కదా అని, మట్టితో ఇల్లు కట్టి కాల్చి ఎర్రగా చేశాడు. మట్టి కాల్చడంలో ప్రాణులు చస్తాయని బుద్ధుడు దాన్ని పగలగొట్టించాడు. అప్పుడు ధనియుడు కట్టె ఇల్లు కడదామని రాజు కలప కొట్టుకు పోయి, రాజు నాకు ఇచ్చాడు అని కాపలాదారును నమ్మించి, నగరం మరమ్మతులకు దాచిపెట్టిన దుంగలు కోయించుకొచ్చుకున్నాడు. విషయం బయటపడ్డది. బింబిసారుడు పిలిచి అడిగితే, పట్టాభిషేకం నాడు శ్రమణులకు గడ్డి, కట్టె, నీళ్లు ఇచ్చిన అన్నారు కదా అన్నాడు. అది అడవిలో ఎవరిదీ కాని దాని గురించి అని రాజు చెప్పి, భిక్షువు గనుక ఈసారికి వదిలేశాడు. సంఘంలో మాత్రం దొంగతనం మీద పారాజిక నియమం దీంతోనే పుట్టింది. రెండో పారాజిక, భిక్షుత్వమే పోయే తప్పు.

ధనియుడి మీద నాకు కొంచెం జాలి ఉంది. మూడుసార్లు గూడు పోయినోడు అతను. అయినా అబద్ధం అబద్ధమే. మన దగ్గర టేకు అంటే ఇంకా జాగ్రత్త. పెరట్లో నలభై అడుగులు జరిపితే ఎవరూ అడగరు. పక్క ఊరికి ట్రాక్టరు మీద టేకు గుంజలు తీసుకుపోవాలంటే మాత్రం ముందే అటవీ శాఖ రేంజి ఆఫీసులో అడిగి కాగితం రాయించుకోండి. పాత కలపే కదా, మన ఇంటిదే కదా అంటే చెక్‌పోస్టు దగ్గర వినరు. మధ్యమానేరు కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊర్లు పోయినప్పుడు ఇండ్లు విప్పి తలుపులు, దూలాలు మోసుకుపోయిన మనుషులను చూసినోళ్లకు తెలుసు, ఒక పాత దూలం ఎంత విలువైందో.

మిగిలింది భయం. ఆ తల్లి భయం. దాన్ని చూసి మీరు నవ్వొద్దు. దేశం కాని దేశంలో కొడుకు ఉన్నప్పుడు ఏ తల్లికైనా ఏ మాటైనా తగులుతది. మన గోదావరి ఒడ్డున ఇంతకంటే పెద్దోడు ఇట్లనే భయపడ్డడు. సుత్తనిపాతం చివరి భాగం పారాయణవగ్గంలో ఉంది. కోసల దేశం నుంచి వచ్చి అస్సక రాజ్యంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నవాడు బావరి. నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తే ఆ చోటని చరిత్ర రాసినోళ్లు కొందరు అంటారు. బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాక ఒకడు వచ్చి అయిదువందలు అడిగాడు. లేవంటే, ఏడో రోజు నీ తల ఏడు ముక్కలు అవుతదని శపించాడు. మూడు వేదాలు చదివిన బావరి తిండి మానేసి కుంగిపోయాడు. చివరికి పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. వాళ్లు తల గురించి అడిగితే బుద్ధుడు అవిద్యే తల, దాన్ని పగలగొట్టేది విద్య అన్నాడు. శపించినోడికి తల అంటే ఏందో కూడా తెల్వదన్నమాట. ఈశాన్యంల బరువు పెడితే పిల్లగానికి చెడ్డదన్నది కూడా అసొంటి మాటే. డబ్బు అడిగినోడు ఎవడో ఎప్పుడో అన్నది, మనం మోస్తున్నం.

భయం పోగొట్టడానికి మేము ఉపన్యాసం ఇవ్వలేదు. తర్వాతి ఎండాకాలం ఆ తల్లి చేతికే రెండు బిందెలు ఇచ్చినం. ఒకటి ఈశాన్యంల, ఒకటి నైరుతిల పొయ్యమన్నం. ఈశాన్యం నీళ్లు అయిదు నిమిషాల్లో ఇంకి, మిగిలినవి కిందికి జారినయ్. నైరుతివి సాయంత్రం దాకా అట్లనే నిలిచినయ్. ధమ్మ వందనలో మనం ఏహిపస్సికో అంటం కదా, వచ్చి చూడు అని. ఆమె చూసి, "ఇగ పైకే పెట్టుండ్రి" అన్నది.

ఎప్పుడు జరపాలె అంటే మిరుగం రాకముందే, అంటే జూన్ మొదటి వారం లోపు. మిరుగం కూడా నక్షత్రం పేరే కదా అని మీరు అడగొచ్చు. రైతు దాన్ని వాన రాకకు గుర్తుగా వాడుతడు, తేదీ లాగా. మంచి చుక్క కోసం పని ఆపేది వేరు. జాతక కథల్లో నక్ఖత్త జాతకం ఉంది, 49వది. పట్నపోళ్లు పల్లె పిల్లను ఖాయం చేసుకుని, పెళ్లినాడు తమ ఆజీవకుణ్ణి చుక్కలు ఎట్లున్నయని అడిగారు. ముందే తనను అడగలేదని అతనికి కోపం, ఇవాళ బాగాలేవు అన్నాడు. వీళ్లు ఆగారు. పల్లెటోళ్లు చూసి చూసి పిల్లను వేరే ఇంటికి ఇచ్చేశారు. మరునాడు పోయి కొట్లాడితే ఏమొస్తది?

ఇగ పని. ముందు లోపలంతా ఖాళీ చేయండి. కరెంటు తీగ ఉంటే తీసేయించండి. రేకులు విప్పండి, బరువు తగ్గుతది. మీవి సిమెంటు రేకులైతే పగలగొట్టకండి, తడిపి మెల్లగా దించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. మొత్తం విప్పితే ప్రతి పలక మీద సుద్దతో అంకె వేయండి, ఫోటో తీసి పెట్టుకోండి. మాది గట్టిగానే ఉందని విప్పలేదు. నాలుగు పక్కలా మూల నుంచి మూలకు ఏటవాలుగా పట్టీలు కొట్టినం, లేకపోతే కదిపినప్పుడు పక్కకు ఒరుగుతది. తలుపు తాడుతో కట్టేసినం. గుంజల చుట్టూ తవ్వి, కుళ్లిన మొదళ్లను రంపంతో కోసి, కింద రెండు పొడుగు దూలాలు బిగించినం. ట్రాక్టరు జాకీలతో ఒక్కో పక్క కొంచెం కొంచెం లేపి, కింద ఇనుప పైపులు పెట్టి దొర్లించినం. వెనక వదిలిన పైపు తెచ్చి ముందు పెట్టాలె. ఎత్తు వైపు నెట్టేటప్పుడు వెనక్కి జారకుండా రాయి అడ్డం పెట్టే మనిషి ఒకరు ఉండాలె. మాట ఒక్కరిదే వినాలె. పిల్లలను దగ్గరికి రానియ్యొద్దు. కొట్టం కింద చెయ్యి గాని కాలు గాని పెట్టొద్దు.

కొత్త చోట గుంజలు మట్టిలో పాతలేదు. కరీంనగర్‌ల గ్రానైటు ముక్కలకు కొదవ లేదు. ఆరు రాళ్లు సమంగా పరిచి, వాటి మీద దూలాలు ఆనించి, ఇనుప పట్టీలతో బిగించినం, గాలికి కదలకుండా. మూలలు సరిగ్గా ఉన్నయా అనేదానికి తాడుతో ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు కొలవండి, ఆ రెండు గుర్తుల మధ్య అయిదడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. చుట్టూ మూడడుగులు వదిలినం. బండి తిరగదు, నిచ్చెన తిరుగుతది. అక్కడ చిన్న చీమల పుట్ట ఒకటి ఉంటే దాన్ని కదపకుండా కొట్టాన్నే రెండడుగులు ఇటు జరిపినం. పదకొండు మందికి పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పట్టింది. మమ్మల్ని మొదట ఆపిన పెద్దాయనే పైపులు అందించిండు.

ఆ కొడుక్కు ఏమైంది అని చాలామంది అడుగుతరు. కొట్టం నైరుతిలో ఉన్న ఏడాదే అక్కడ అతనికి నాలుగు నెలలు జీతం రాలేదు. ఈశాన్యానికి జరిపినంక సెలవు మీద ఇంటికొచ్చి పోయిండు. దీన్ని నేను ఎక్కడా రుజువుగా చెప్పను, మీరూ చెప్పకండి. అట్ల చెప్తే మనం కూడా కొట్టాన్ని చూసి జాతకం చెప్పినట్టే. జీతం ఆగింది కంపెనీ వల్ల, పుస్తకాలు తడిసింది పల్లం వల్ల.

నీళ్లకు ఉబ్బిన తలుపు మాత్రం ఇంకా సరిగ్గా పడటం లేదు. వడ్లాయన చెప్పిన ప్రకారం అది పూర్తిగా ఎండినాక చిత్రిక పట్టాలె. అప్పటిదాకా తాడే గొళ్లెం.